వేలిముద్ర పడని చేతులు

ఉదయగిరి,
ఆగస్టు 6.

ఆత్మకూరులో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే నా మనవరాలు సాయిరాకు నీ దాదీ మస్తాన్‌బీ సలాం, దువా.

నేను చెప్తుంటే దీన్ని రాస్తున్నది రిజిస్ట్రారాఫీసు ఎదుట దస్తావేజులు రాసే పిచ్చయ్య. 'నా మనవి ఏమనగా' అని మొదలుపెట్టాడు. కొట్టేయించాను. నేను ఎవరికీ మనవి చేసుకోవడం లేదు. నా కేసు చెప్తున్నాను, అంతే.

నిన్న నువ్వు రెండుసార్లు ఫోను చేశావు. నేను ఎత్తలేదు. నా చెవుల సంగతి నీకు తెలుసు, ఫోనులో ఎవరు మాట్లాడినా తేనెతుట్టె కదిలినట్టే వినిపిస్తుంది. పైగా ఫోనులో అయితే నువ్వు నా మాటకు అడ్డం వస్తావు. కాగితానికి అడ్డం రాలేవు గదా.

కేసు ఇది. నలభై తొమ్మిదేళ్ళుగా నేను ఈ ఊళ్ళో చెక్క చెంచాలు చేస్తున్నాను. దుర్గం కొండ నుంచి వచ్చిన నర్ది చెక్క నా చేతిలో పడితే చెంచా అవుతుంది, గరిటె అవుతుంది, ముళ్ళ చెంచా అవుతుంది. ఆత్మకూరులో ఆడపిల్లలకు ఈ పని నేర్పే కేంద్రం తెరిచారనీ, నేర్పడానికి మనిషి కావాలనీ తెలిసి నువ్వే నా పేరు ఇచ్చావు. నన్ను అడిగి ఇచ్చావా? లేదు. ఆర్డరు వచ్చాక చెప్పావు. వారానికి మూడు రోజులు, పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోవచ్చు, నీ కోళ్ళకు నీళ్ళు పెట్టుకోవచ్చు అన్నావు. సరే అన్నాను. నిన్న సోమవారం వచ్చాను.

అక్కడ గుమ్మంలోనే వేలిముద్రల మిషను పెట్టారు. పనిలో చేరేవాళ్ళు దానిమీద వేలు పెట్టాలట. పెట్టాను. బొటనవేలు పడలేదు. చూపుడువేలు పడలేదు. పది వేళ్ళూ పెట్టాను, ఒక్కటీ పడలేదు. 'ఈమె ఎవరో మిషనుకు తెలీడం లేదు' అన్నారు. చెక్కను నునుపు చేసే ఆకురాయి పట్టీ పట్టీ నా వేళ్ళమీద గీతలన్నీ అరిగిపోయాయని నీకు తెలియంది కాదు. రేషను కాడ ప్రతి నెలా ఇదే గోల. ఏ పని చేసి అరిగిన వేళ్ళో, ఆ పనికే ఆ వేళ్ళు పనికిరావని చెప్పే మిషను ఉన్నచోట నేను కాలు పెట్టను. ఇది నా తీర్పు.

కాబట్టి నువ్వు ఆ కేంద్రానికి పోయి ఎవరినీ ఏమీ అడగవద్దు. అక్కడి పెద్ద, ఆ రాజమోహన్ సారు, ఆయనతో అసలే మాట్లాడవద్దు. మనది పరువు గల ఇల్లు.

నీ మొగుడు నవాజ్ దగ్గు తగ్గిందా? మిరియాల కషాయం తాగమను. ల్యాబులో దొరికే మందులన్నీ మింగవద్దను.

పైన రాసినదంతా చదివి వినిపించగా విని ఒప్పుకున్నాను. కింద ఉన్నది నా వేలిముద్ర. సిరాతో కూడా మసకగానే పడింది, చూడు.

(సాయిరమ్మా, ఈ రెండు ముక్కలూ ఆమెకు వినిపించకుండా రాస్తున్నాను. మస్తాన్‌బీ ఏం చెప్పినా నా కళ్ళలోకి చూసి బల్ల గుద్ది చెప్తుంది. మిషను సంగతి చెప్పేటప్పుడు మాత్రం రోడ్డున పోయే మేకలను చూస్తూ చెప్పింది. పిచ్చయ్య.)


ఆత్మకూరు,
ఆగస్టు 12.

దాదీకి సాయిరా సలాం.

పిచ్చయ్య తాతా, ఈ ఉత్తరం గట్టిగా చదువు. దాదీ ఆపమన్నా ఆపవద్దు. మేకల సంగతి నువ్వే రాశావు కాబట్టి ఈ కష్టం కూడా నువ్వే పడాలి.

దాదీ, నువ్వు వద్దన్న పని చేశాను. మధ్యాహ్నం అన్నం వేళకు ల్యాబు నుంచి నడుచుకుంటూ కేంద్రానికి పోయాను. గుమ్మంలో ఏ మిషనూ లేదు. గోడకు నాలుగు మేకులు మాత్రం ఉన్నాయి. రాజమోహన్ సారును అడిగాను.

"మిషనా? ఇంకా రాలేదమ్మా. మేకులు మాత్రం ముందే కొట్టించినాను, తొందరపడి" అన్నాడు.

"మరి సోమవారం మా దాదీ వచ్చింది గదా సార్?"

"మస్తాన్‌బీ గారా? యాడమ్మా! ఇరవై మంది ఆడపిల్లలు చెక్కముక్కలు ముందర పెట్టుకోని మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. ఆమె రానే లేదే."

అప్పుడు నవ్యశ్రీ అని ఒక అమ్మాయి లేచింది. సంగం నుంచి వస్తుందట, డిగ్రీ అయిపోయింది. "ఆకుపచ్చ అంచు చీర కట్టుకున్న అవ్వ ఒకామె వచ్చిందక్కా. మంచినీళ్ళు అడిగింది. చెంబు నేనే ఇచ్చినాను. తాగి పొయినాది" అంది. "ఆ చేతిని చూస్తే ఏదో పనిచేసిన చెయ్యి అనిపించింది. పిలవాలనుకున్నాను, అంతలోకే గేటు దాటేసింది."

ఆకుపచ్చ అంచు చీర నేను పోయిన రంజానుకు కొనిపెట్టింది.

నాకు కోపం లేదు దాదీ. నువ్వు అబద్ధం చెప్పడం నా ఇరవై నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి చూడటం, అందుకని భయమేసింది. ఏం జరిగిందో నాకు చెప్పు. సారు సెప్టెంబరు రెండు దాకా చూస్తానన్నాడు. ఆలోపు నేర్పే మనిషి రాకపోతే ఈ బ్యాచి రద్దవుతుంది, అమ్మాయిలను కుట్టుమిషన్ల వైపు పంపేస్తారు. ఈ పని తెలిసి, ఇంకా చేతులు ఆడుతున్నవాళ్ళు మీ వీధిలో ఎంతమంది మిగిలారో నాకంటే నీకే బాగా తెలుసు.

నవాజ్‌కు దగ్గు తగ్గింది. కషాయం తాగాడు. మొహం మాత్రం రెండు రోజులు చూడలేకపోయాం.

నీ సాయిరా.


ఉదయగిరి,
ఆగస్టు 18.

సాయిరాకు దాదీ దువా.

ముందు ఈ పిచ్చయ్య సంగతి. నీ ఉత్తరాన్ని స్టాంపుల కొట్టు ముందు, నలుగురు కూర్చుని ఉండగా చదివాడు. మేకల మాట దగ్గరికి వచ్చేసరికి దగ్గాడు, నీళ్ళు తాగాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు, అయినా చదివాడు. నేను చెప్పు తీశాను. "కొట్టు మస్తాన్‌బీ, కొట్టినాక కూర్చోని నిజం చెప్పు, రాస్తాను" అన్నాడు. చెప్పు కిందేశాను. ఇప్పుడు కొట్టు వెనక, ఎవరూ లేనిచోట కూర్చుని చెప్తున్నాను. ఇక్కడ చూద్దామన్నా మేకలు లేవు.

ఆర్డరు వచ్చిన రోజు దాన్ని పిచ్చయ్యతో నాలుగుసార్లు చదివించుకున్నాను. ఆ కాగితంలో 'షేక్ మస్తాన్‌బీ, మాస్టర్ ట్రైనర్' అని ఉంది. నీకిది చిన్న మాటగా ఉండొచ్చు. మన ఇంట్లో చెంచాలు చేసింది నేను, ఉస్తాదు అనిపించుకున్నది మీ తాత. ఆయన చెక్క కోసేవాడు, బాడిసతో ఒక రూపం తెచ్చేవాడు, అక్కడితో అయిపోయేది. దాన్ని చెంచా చేసేదాన్ని నేను. వచ్చినవాళ్ళు 'ఉస్తాద్, ఎంత నునుపుగా ఉందో' అనేవాళ్ళు. నేను తలుపు వెనక ఆకురాయి రాస్తూ వినేదాన్ని. ఆయన మంచివాడే, నేను తప్పుపట్టడం లేదు. కానీ నా పేరు మీద ఒక కాగితం రావడానికి నాకు అరవై ఎనిమిదేళ్ళు పట్టింది.

అందుకే ఆ సోమవారం తెల్లవారకముందే లేచాను. కొత్త చీర కట్టాను. నా ఆకురాళ్ళు మూడూ గుడ్డలో చుట్టుకున్నాను. ఆత్మకూరు బస్టాండులో దిగి టీ తాగాను. అంతవరకు బాగానే ఉన్నాను. గేటు తీసుకుని లోపలికి పోయాను. మెట్లమీద ఇరవై జతల చెప్పులున్నాయి. లోపల ఇరవై మంది పిల్లలు. ఒక్కొక్కరి ముందు చెక్కముక్క ఉంది, దాని పక్కన పుస్తకం, పుస్తకంమీద మూత తీసిన పెన్ను.

ఆ పెన్నులు చూశాను సాయిరా. నేను ఏం చెప్తే అది రాసుకోవడానికి కూర్చున్నారు. ఏం చెప్పాలి? నాకు చేతికి తెలుసు. నోటికి తెలీదు. ఆకురాయిని ఎంత వాలుగా పట్టాలో, ఎంత నొక్కాలో, ఎక్కడ ఆపాలో చెయ్యి తనంతట తాను చేస్తుంది, నన్ను అడగదు. మా మామ నాకు నేర్పినప్పుడు ఒక్క మాట చెప్పి ఎరగడు. తప్పు చేస్తే ఆకురాయి వెనక్కి తిప్పి వేళ్ళకణుపుల మీద కొట్టేవాడు. నాకు తెలిసిన బడి అదొక్కటే. నువ్వైనా నా పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నావు, నేను చెప్పి కాదు. ఎవరో కన్న బిడ్డలను, డిగ్రీలు చదివినవాళ్ళను, నేను కొట్టగలనా? కొట్టకుండా నేర్పడం ఎట్లాగో నాకు ఎవరు నేర్పారు?

ఆ పిల్ల, నువ్వు చెప్పిన నవ్యశ్రీయే అయ్యుంటుంది, లేచి వచ్చి "ఎవురు కావాలవ్వా?" అని అడిగింది. నేనే మీ మేడాన్ని అనాలి. నోరు ఎండిపోయింది. ఉదయగిరి సంతలో నా నోటికి జడవని మనిషి లేడు. ఆ నోరే.

"ఎవురూ వద్దమ్మా. మంచినీళ్ళ కోసరం వచ్చినాను" అన్నాను.

ఇచ్చింది. తాగాను. వచ్చేశాను. బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకుని దానిలోని ఆకురాళ్ళకు ఏం చెప్పాలా అని ఆలోచించాను. వాటికి ఏమీ చెప్పలేదు. నీకు మిషను కథ చెప్పాను.

ఇదీ నిజం. ఇప్పుడు నువ్వు ఆ సారుకు చెప్పు, ముసలిదానికి ఒంట్లో బాగాలేదని. అది నీ అబద్ధం అవుతుంది, నాది కాదు. నేను రాను. నన్ను పట్టుబట్టి లాగవద్దు.

చదివి వినిపించగా విన్నాను. వేలిముద్ర.

(ఈసారి నా కళ్ళలోకే చూసింది. నేనే చూడలేక కాగితం వైపు తలవంచుకున్నాను. పిచ్చయ్య.)


ఆత్మకూరు,
ఆగస్టు 24.

దాదీ,

సారుకు నేను ఏ అబద్ధమూ చెప్పను. నీకు ఒక సంగతి గుర్తుచేస్తాను, అంతే.

నిరుడు నేను ల్యాబులో చేరిన మొదటిరోజు ఒక పెద్దాయనకు రక్తం తీయాల్సి వచ్చింది. చదువులో బొమ్మ చేతికి వందసార్లు గుచ్చాను. బతికున్న చెయ్యి కనిపించేసరికి నా చెయ్యి వణికింది. ఆయన "ఏమ్మా, నీకే జొరం వచ్చినట్టు ఉండాదే" అని నవ్వాడు. నేను పోయి మరుగుదొడ్డిలో గడియ పెట్టుకున్నాను. సాయంత్రం ఇంటికి వచ్చి ఇక పోనని ఏడ్చాను. నవాజ్ పిచ్చయ్య తాతకు ఫోను చేస్తే, తాత వచ్చి నీకు చెప్పాడు. మర్నాడు మొదటి బస్సుకు నువ్వు దిగావు. తిడతావనుకున్నాను. తిట్టలేదు. ల్యాబులోకి వచ్చి, రవిక చెయ్యి పైకి లాక్కుని, ఎడమచెయ్యి బల్లమీద చాపావు.

"గుచ్చవే" అన్నావు.

మొదటిసారి నరం దొరకలేదు. రెండోసారీ దొరకలేదు. ఏడుసార్లు గుచ్చాను దాదీ. ఏడింటికీ నువ్వు కిటికీలోంచి బయటికి కూడా చూడలేదు, నా మొహమే చూస్తూ ఉన్నావు. "మే, దోమ కుట్టినా ఇంతకంటే నొప్పి ఉంటాది. కానియ్" అన్నావు. ఎనిమిదోసారి రక్తం వచ్చింది. నీ చెయ్యి పది రోజులు నల్లగా కమిలి ఉంది. అడిగినవాళ్ళకు కోడి పొడిచిందని చెప్పావు. (అంటే నువ్వు అబద్ధం చెప్పడం ఇది మొదటిసారి కాదు. నా లెక్క తప్పింది.)

ఇప్పుడు నేను రోజుకు నలభై మందికి సూది వేస్తాను. చంటిపిల్లలకు కూడా. ప్రతిసారీ నీ చెయ్యి గుర్తొస్తుంది. ఆ రుణం తీరేది కాదు, తీర్చాలని కూడా నాకు లేదు. కానీ ఒక్కరోజు నా చెయ్యి చాపనివ్వు.

సెప్టెంబరు రెండో తేదీన నేను సెలవు పెట్టాను. ఆ కేంద్రంలో మొదటి వరుసలో, నీ ఎదురుగా, చెక్కముక్క పెట్టుకుని కూర్చుంటాను. మిగతా ఇరవై మందిని చూడవద్దు. నన్ను చూడు. నన్ను తిట్టు. ఆకురాయి తిప్పి నా వేళ్ళమీద కొట్టు, నేనేమీ అనుకోను. ఒక్కరోజు. ఆ తర్వాత నీ ఇష్టం.

రాకపోతే మాత్రం నేను అక్కడ సాయంత్రం దాకా కూర్చునే ఉంటాను.

సాయిరా.


ఉదయగిరి,
సెప్టెంబరు 3.

సాయిరాకు దాదీ దువా.

నిన్న అంతా నీ కళ్ళముందే జరిగింది. అయినా రాయిస్తున్నాను. నీకు బయటినుంచి కనిపించింది. నాకు లోపల ఏం జరిగిందో ఎవరో ఒకరు కాగితంమీద పెట్టాలి. పైగా పిచ్చయ్య కూడా వింటానని నిన్నటినుంచి నా ప్రాణం తీస్తున్నాడు.

గేటు దగ్గర నా కాళ్ళు మళ్ళీ ఆగాయి. నిజం. అక్కడినుంచే బస్టాండు కనిపిస్తుంది, అది ఇంకో పాపం. అప్పుడు ఆ నవ్యశ్రీ చెంబుతో బయటికి వచ్చింది. నన్ను చూసి గుర్తుపట్టింది. నీళ్ళు ఇచ్చింది. తాగాను. ఖాళీ చెంబు తీసుకోకుండా నా చెయ్యి పట్టుకుంది.

"పోయినసారి నీళ్ళు తాగి పొయినావు గదవ్వా. ఈసారి కూర్చోని పో" అంది.

మాస్టరని తెలిసి అన్నదో, ముసలిదని జాలిపడి అన్నదో. ఏదైనా గానీ, ఆ పిల్ల చల్లగా ఉండాలి.

లోపల కూర్చున్నాను. మొదటి వరుసలో నువ్వు. నీ చుట్టూ పెన్నులు. రాజమోహన్ సారు నా గురించి ఏదో మాట్లాడి పోయాడు. తలుపు దగ్గరగా వేశాడు. నేను ఆకురాళ్ళు మూడూ బల్లమీద పెట్టాను. సర్దాను. మళ్ళీ సర్దాను. యా అల్లా, ఒక్క మాట ఇవ్వు అనుకున్నాను. రాలేదు. ఒక పిల్ల పక్కపిల్ల చెవిలో ఏదో చెప్పి నవ్వింది. లేచి పోదామని సంచి మీద చెయ్యి వేశాను.

అప్పుడు నువ్వు ఆకురాయి తీసుకుని చెక్కమీద అడ్డంగా రాయడం మొదలుపెట్టావు. కర్ కర్ కర్. చెక్కలో పోగులుంటాయి, జుట్టులో మాదిరి. ఆకురాయి పోగు వెంబడే పోవాలి. అడ్డంగా రాస్తే పోగులు లేచి చెక్క పేళ్ళుపేళ్ళుగా చిరుగుతుంది. ఆ చప్పుడు వింటే నాకు పళ్ళు పులుస్తాయి.

"అట్ట గాదే గాడిదా!" అన్నాను.

గది మొత్తం ఉలిక్కిపడింది. నేను కూడా. కానీ ఆ మాటతో నోరు తెరుచుకుంది.

"తల దువ్వుకునేటప్పుడు అడ్డంగా దువ్వుకుంటావా? చెక్క నీ మాదిరే ఆడమనిషి, దాని జుట్టు ఎటు పోతే అటు దువ్వు. ఇట్ట తే చెయ్యి. ఇట్ట. ఏందే, ఆకురాయిని గొంతు పట్టుకున్నట్టు పట్టుకున్నావు? వదులు. అది యాడికీ పారిపోదు."

ఇరవై పెన్నులు ఒక్కసారి కదిలాయి. నేను అన్న తిట్లన్నీ రాసుకుంటున్నారు! "రాయబాకండి" అన్నాను. "పెన్నులు సంచుల్లో పెట్టండి. ఇది రాసుకునే చదువు గాదు."

తర్వాత సేమ్యా సంగతి నీకు తెలుసు. నీకోసం డబ్బాలో తెచ్చిన పాయసం అది. నువ్వు పాడుచేసిన ముక్కనూ, నేర్పడానికని తెప్పించి కేంద్రంలో మూలన పడేసిన సగం సగం చెంచాలనూ అందరికీ పంచి, వాటితోనే తినమన్నాను. ఒక్కొక్కరు నోట్లో పెట్టుకోవడం, "అబ్బా" అనడం. "యాడ గుచ్చుకుండాది?" అని అడిగాను. "పెదిమ కింద." "నాలిక మీద." "ఎడంపక్క మూల." సరే, ఎక్కడ గుచ్చుకుందో అక్కడే ఆకురాయి పెట్టండి. మళ్ళీ తినండి. మళ్ళీ పెట్టండి. చెంచాను కంటితో చూడకూడదు, పెదవితో చూడాలి. నలభై తొమ్మిదేళ్ళు నేను చేసింది ఇదే. ఇన్నాళ్ళూ నోటికి తెలీదు అనుకున్నాను చూడు, తెలిసిందంతా పెదవికే తెలుసు. చేతికి పెదవి చెప్పింది.

సాయంత్రానికి పాయసం అయిపోయింది, పిల్లల మూతులు ఎర్రబడ్డాయి, ఏడు చెంచాలు నునుపు తేలాయి. నేను ఎవరినీ కొట్టలేదు.

నీ మీద మాత్రం కోపంగా ఉంది. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు, మన ఇంటి పని అంత మొద్దుగా మరిచిపోతావా? పోగుకు అడ్డంగా రాస్తావా? నా పరువు తీశావు. వాళ్ళందరికీ నువ్వు నా మనవరాలివని తెలుసు.

రేపు బుధవారం కూడా వస్తాను. నువ్వు రావద్దు, పోయి నీ సూదులు చూసుకో.

చదివి వినిపించగా విన్నాను. వేలిముద్ర.


ఆత్మకూరు,
సెప్టెంబరు 9.

దాదీ,

మరిచిపోయాను. ఏం చేయను, సూదులు పట్టుకుని పట్టుకుని ఆకురాయి చేతికి కొత్తయింది. నన్ను క్షమించు.

నిన్న నవ్యశ్రీ ల్యాబుకు వచ్చింది, వాళ్ళమ్మ రిపోర్టు కోసం. "మీ దాదీ భలే తిడతాదక్కా. తిట్టని రోజు మాకు పని సాగదు" అంది. అమ్మాయిలు నిన్ను మేడం అంటే వద్దన్నావట. మరి ఏమనాలి అంటే కాసేపు ఆలోచించి "ఉస్తాద్" అనమన్నావట. విని ల్యాబులో అందరి ముందూ ఏడ్చాను. రక్తం ఇవ్వడానికి వచ్చిన ఒకాయన తన రిపోర్టులో ఏదో చెడ్డది ఉందని హడలిపోయాడు.

మా అత్త నిన్ను ఒక్కరోజైనా మా ఇంట్లో నిద్ర చెయ్యమంటోంది. పిల్లనిచ్చిన ఇంట్లో పడుకోనని నువ్వు అంటావని చెప్పాను. 'ఉస్తాదుగా రమ్మను, వియ్యపురాలిగా కాదు' అంది.

నీ సాయిరా.


ఉదయగిరి,
నవంబరు 28.

నా సాయిరాకు, ఉస్తాద్ మస్తాన్‌బీ దువా.

పిచ్చయ్య ఆ ముక్క రాసేటప్పుడు నవ్వాడు. నవ్వనీ.

చాలా రోజులైంది రాయించి. వారానికి మూడుసార్లు ఆత్మకూరు వస్తూనే, నీ ల్యాబు ముందునుంచే పోతున్నాను కాబట్టి రాయించాల్సిన పని పడలేదు. కానీ ఎదురుగా ఉన్నప్పుడు నోటితో చెప్పలేనివి మూడు ఉన్నాయి.

మొదటిది. అక్టోబరులో ఆ నాలుగు మేకులకు మిషను వచ్చింది. రాజమోహన్ సారు అందరినీ పిలిచి వేళ్ళు పెట్టించాడు. ఇరవై మందివీ పడ్డాయి. నావి పడలేదు. పది వేళ్ళూ పెట్టాను, ఒక్కటి కూడా! ఆగస్టులో నేను చెప్పిన అబద్ధం అక్టోబరులో అక్షరాలా నిజమైంది. సారు మొహం చిన్నబోయింది. "ఏం చేద్దామండీ, ఆమెను మిషను తీసుకోవడం లేదే" అని ఎవరికో ఫోను చేస్తున్నాడు. పిల్లలు నావైపే చూస్తున్నారు.

ఆగస్టులో అయితే నేను ఇంటికి పోయేదాన్ని. నాకు నిజంగానే దారి దొరికింది, ఎవరూ తప్పుపట్టలేని దారి. కానీ ఆరోజు నవ్యశ్రీ చేతిలో ముళ్ళ చెంచా సగంలో ఉంది. మూడో ముల్లు కాడ పోగు తిరిగింది, అక్కడ నేను లేకపోతే విరుస్తుంది. నాకు అదొక్కటే కనిపించింది.

"సారూ, ఫోను పెట్టెయ్. రిజిస్టరు తియ్యి, సిరాడబ్బీ తే. మీ మిషనుకు నేను తెలీకపోతే అది దాని కర్మ" అన్నాను. అప్పటినుంచి నాకోసం రిజిస్టరు ఉంచారు. రోజూ వేలు ముంచి పెడుతున్నాను. రోజూ మసకగానే పడుతుంది. అది ఎవరిదో అందరికీ తెలుసు.

రెండోది. పోయిన శుక్రవారం ఇంట్లో చెక్కపెట్టె అడుగున వెతుకుతుంటే ఒక చిన్న చెంచా దొరికింది. నీ ఎనిమిదో ఏట నువ్వు చేసింది. తొలి చెంచాతో నేర్పినవాళ్ళకు తినిపించడం మన ఇంటి అలవాటు, నువ్వు నాకు పాలు తాగించావు దానితో. పెదవికి పెట్టుకుని చూశాను. ఎక్కడా గుచ్చుకోలేదు. దీపం వెలుగుకు తిప్పి చూశాను. ఒక్క గీత కూడా అడ్డంగా లేదు. అంతా పోగు వెంబడే పోయింది.

ఎనిమిదేళ్ళకు పోగు తెలిసిన పిల్ల ఇరవై నాలుగేళ్ళకు అడ్డంగా రాస్తుందా?

దొంగదానా. నేను ఒక అబద్ధం చెప్తే నువ్వు దానికి పైన ఇంకొకటి చెప్పావు. నా నోరు తెరవడానికి నలుగురిలో గాడిద అనిపించుకున్నావు. నేను ఏడు గుచ్చులకు చెయ్యి చాపితే పది రోజులకు కమిలింది తగ్గింది. నీ తిట్టు ఇప్పటికీ ఆ పిల్లల నోళ్ళలో ఉంది, 'సాయిరక్క మాదిరి రాయబాక' అని ఒకరినొకరు అనుకుంటారు. దాన్ని మాన్పుదామని నేను నిజం చెప్పబోయాను. మళ్ళీ ఊరుకున్నాను. నువ్వు దాచుకున్నదాన్ని బయటపెట్టే హక్కు నాకు లేదు అనిపించింది. ఎవరికైనా సాయం చేస్తే కనబడకుండా చేయాలని నేను నీకు నేర్పలేదు. మరి ఎక్కడ నేర్చుకున్నావో. నేను నీకు బాకీ పడ్డాను, ఆ బాకీ నాకు ఇష్టంగా ఉంది. తీర్చను.

మూడోది నిన్న జరిగింది. దీనికోసమే ఇంత పొద్దున పిచ్చయ్యను లేపి కూర్చోబెట్టాను.

నిన్న పొద్దున నేను పోయేసరికి నవ్యశ్రీ మిషను ముందు నిలబడి ఏడుస్తోంది. "ఉస్తాద్, నా వేలు తీసుకోవడం లేదు. నాలుగుసార్లు పెట్టినాను. నిన్నటిదాకా పడినాది. రాలేదని వేసుకుంటారేమో, నన్ను తీసేస్తారేమో" అంది. ఆ భయం నాకు తెలియనిదా.

దాని చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలి కొస నా పెదవికి పెట్టుకుని చూశాను, చెంచాను చూసినట్టు. నునుపుగా ఉంది. మూడు నెలలు వదలకుండా ఆకురాయి పట్టిన వేలు. గీతలు సగం పోయాయి.

"ఏడవబాకే పిచ్చిదానా. నీకు పని వచ్చినాది" అన్నాను.

అర్థం కాలేదు ముందు. తర్వాత నా చెయ్యి తిప్పి, తన చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది. ఏడుస్తూనే నవ్వింది. సారును పిలిచి రిజిస్టరు తెప్పించాను. "మీరు చదువుకున్నవారు గదమ్మా, సంతకం పెట్టండి" అని ఆయన పెన్ను ఇచ్చాడు. డిగ్రీ చదివిన పిల్ల. పెన్ను పక్కన పెట్టింది. సిరాడబ్బీలో బొటనవేలు ముంచి, నా మసక ముద్ర కిందనే తన మసక ముద్ర వేసింది.

నాకు చదువు రాదు సాయిరా. కానీ నిన్న ఆ పేజీ నేను చదివాను.

వచ్చే శుక్రవారం రాత్రికి మీ ఇంట్లో నిద్ర చేస్తానని మీ అత్తకు చెప్పు. పాయసం నేనే చేస్తాను. ఎనిమిదో ఏటి చెంచా తెస్తున్నాను.

చదివి వినిపించగా విన్నాను. ఒక్క మాట కూడా మార్చనివ్వలేదు. ఇది నా వేలిముద్ర.

(పొద్దున్నుంచి ఈ దారిన రెండు మందల మేకలు పోయాయి. ఆమె ఒక్కదానివైపు కూడా చూడలేదు. ఇందుకు నేను సాక్షిని. పిచ్చయ్య.)